ఎంత వచ్చింది కాదు, ఎట్లా వచ్చింది

మాచర్ల వైపు ఒక తండా. సంక్రాంతి దాటాక అక్కడ మిర్చి కోతలు ఊపందుకుంటాయి. ఏడో తరగతి చదివే ఒక పాప సెలవు రోజుల్లో వాళ్ల యాడి వెంట చేలోకి పోతుంది. పిల్లలు కోతకు పోవడం మంచిదని మేము అనడం లేదు. పోతున్నారన్నది మాత్రం నిజం. ఆ పాప లెక్కల నోటుపుస్తకం ఒకరోజు మా చేతికి వచ్చింది. అందులో 32ని 12తో గుణించే లెక్క ఉంది. కింద 64, దాని కింద సరిగ్గా అదే వరుసలో 32, రెండూ కూడితే 96. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. పక్కన ఒక్క ముక్క కూడా రాసి లేదు.

మేము పుస్తకం మూసి అడిగాం. "కిలోకి పన్నెండు రూపాయలు ఇస్తామన్నారనుకో. నువ్వూ మీ యాడీ కలిసి ముప్పై రెండు కిలోలు కోశారు. మేస్త్రి ఎంత ఇవ్వాలి?"

పాప ఒక్క క్షణం ఆలోచించింది. "పది కిలోలకి నూట ఇరవై. ముప్పైకి మూడు నూట ఇరవైలు, అంటే మూడు వందల అరవై. ఇంకో రెండు కిలోలకి ఇరవై నాలుగు. మూడు వందల ఎనభై నాలుగు సార్."

పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాం. "మరి ఇక్కడ తొంభై ఆరు అని రాశావే? రెండూ ఒకటే లెక్క కదా?" అన్నాం. కాసేపు పేజీని చూసింది. "అది చేలో లెక్క సార్. ఇది బళ్లో లెక్క" అంది.

మేస్త్రి తొంభై ఆరు రూపాయలు చేతిలో పెడితే ఆ పాప ఊరుకోదు. పది కిలోలకే నూట ఇరవై కదా అని నిలదీస్తుంది. అదే తొంభై ఆరును నోటుపుస్తకంలో మాత్రం మారుమాట లేకుండా రాసుకుంది. బళ్లో లెక్కను ఎవరూ నిలదీయరని ఆ పాప ఎక్కడో నేర్చుకుంది. ఎవరు నేర్పారు? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే.

చేలో 384, బళ్లో 96

మన పిల్లల గురించి బడుల్లో ఒక మాట తేలిగ్గా వాడేస్తుంటారు. "ఎస్టీ పిల్లలకి లెక్కలు ఎక్కవు" అని. ఆ మాట విని విని మన తల్లిదండ్రులూ నమ్మేశారు. పదో తరగతిలో లెక్కల పేపరు పోతే "మన రాత ఇంతే" అని పిల్లవాణ్ణి పనికి పంపేస్తారు. పిడుగురాళ్ల సున్నం బట్టీలకో, మిర్చి లోడింగుకో పోయిన మన కుర్రాళ్లను అడిగి చూడండి, చదువు ఏ సబ్జెక్టు దగ్గర ఆగిందో. లెక్కలనే మాట చాలాసార్లు వినబడుతుంది.

ఆ పాప నోటితో చేసిన లెక్కను ఒకసారి నిదానంగా చూద్దాం. 32ని ముప్పై, రెండుగా విడగొట్టింది. ముప్పైని మూడు పదులు చేసింది. ఒక్కో ముక్కనూ 12తో హెచ్చించి చివర్లో కలిపింది. బళ్లో దీనికి విభాగ న్యాయం అని పేరు పెట్టి సూత్రంగా రాయిస్తారు. పాపకు ఆ పేరు తెలియదు. పని మాత్రం తెలుసు. ఆమె నోటుపుస్తకంలో చేసిన లెక్కలో ఉన్న తప్పు ఒక్కటే. పన్నెండులోని ఒకటి నిజానికి పది. కాబట్టి దానితో 32ని హెచ్చిస్తే 320 రావాలి. ఆమె దాన్ని ఒకటిగానే చూసి 32 రాసింది. 64కి 320 కలిపితే 384 వచ్చేది. "కింద వరుస ఒక గడి ఎడమకి జరపాలి" అని ఎవరో చెప్పి ఉంటారు, పాప మరిచిపోయింది. ఎందుకు జరపాలో తెలిసి ఉంటే మరిచిపోయేది కాదు.

ఇది మన తండాల్లోనే కనిపించే వింతేమీ కాదు. బ్రెజిల్ దేశంలో రెసీఫె అనే ఊళ్లో తెరెజిన్హా కరాయెర్, డేవిడ్ కరాయెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు వీధుల్లో సరుకులు అమ్ముకునే అయిదుగురు పిల్లల్ని పరిశీలించి 1985లో ఆ వివరాలు ప్రచురించారు. పిల్లల వయసు తొమ్మిది నుంచి పదిహేనేళ్లు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98.2 శాతం సరిగ్గా చెప్పారు. అవే అంకెలు ఉత్త కూడికలు, గుణకారాలుగా కాగితం మీద ఇస్తే 36.8 శాతమే ఒప్పయ్యాయి. వాళ్లలో కొబ్బరికాయలు అమ్మే ఒక పిల్లవాడు నాలుగు కాయల ధర, అంటే నాలుగు ముప్పై అయిదులు, నోటితో 140 అని చెప్పాడు. కాగితం మీద అదే లెక్కకు 200 అని రాశాడు.

మన దేశంలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. బజారులో పెద్దపెద్ద బేరాల లెక్కలు తేల్చే పిల్లలు బడి రూపంలో అడిగితే తడబడ్డారు. అంతవరకు బ్రెజిల్ కథే. మమ్మల్ని ఆపిన విషయం రెండోది. బళ్లో చదివే పిల్లలు బడి లెక్కలు బాగానే చేశారు, కానీ బజారు లెక్కలు వాళ్లకు సాగలేదు. అంటే తెగిపోయిన వంతెన రెండు వైపుల నుంచీ తెగి ఉంది. మన పిల్లలకు ఏదో లోపం ఉందని కాదు. చేనుకూ బడికీ మధ్య దారి వేసే పని ఎవరూ పెట్టుకోలేదు.

మేకలూ గొర్రెలూ ఉన్నా చాలదు

దీనికి విరుగుడు అని కొందరు ఒక మాట చెబుతారు. పాఠ్యపుస్తకంలో ఆపిల్ పళ్ల బదులు మేకలు పెట్టండి, రాము బదులు మన పిల్లల పేర్లు పెట్టండి, సరిపోతుంది అని. మన పేరు, మన బతుకు పుస్తకంలో కనిపించాలన్న కోరిక న్యాయమైనదే. మేమూ కోరుతున్నాం. కానీ అంతటితో లెక్క తేలదు.

ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరంలో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసు ఎంత? 97 మందిలో 76 మంది ఏదో ఒక అంకె వేశారు. చాలామంది 26కి 10 కలిపి 36 అన్నారు. ఆ లెక్కలో గొర్రెలూ ఉన్నాయి, మేకలూ ఉన్నాయి. అర్థమే లేదు. అయినా పిల్లలు "ఇదేం ప్రశ్న?" అని అడగలేదు. బళ్లో ఇచ్చిన లెక్కకు జవాబు ఉండి తీరుతుందని, అందులో ఉన్న అంకెలన్నీ వాడాలని వాళ్లు అప్పటికే నేర్చుకున్నారు.

అమెరికాలో 1983 ప్రాంతంలో దేశవ్యాప్త పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఇంకో లెక్క వచ్చింది. 1,128 మంది సైనికుల్ని తీసుకెళ్లాలి, ఒక్కో బస్సులో 36 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గా చేశారు. 32 బస్సులు అన్నవాళ్లు 23 శాతమే. 29 శాతం మంది "31 బస్సులు, శేషం 12" అని రాశారు. ఆ పన్నెండుగురు రోడ్డు మీదే నిలబడిపోయారన్నమాట. నరసరావుపేట బస్టాండులో ఆటో ఎక్కే ఏ పిల్లవాణ్ణి అడిగినా మిగిలిన వాళ్లకు ఇంకో ఆటో కావాలనే చెబుతాడు.

మన తరగతి గదుల్లో జరిగేదీ ఇదే. రాత లెక్కలు చెప్పేటప్పుడు మనలో చాలామంది టీచర్లు ఒక చిట్కా ఇస్తాం. "మొత్తం" అంటే కూడు, "మిగిలినవి" అంటే తీసెయ్, "ఒక్కొక్కరికి" అంటే హెచ్చవెయ్, "సమానంగా" అంటే భాగించు. పరీక్షలో నాలుగు మార్కులు రావడానికి ఇది పనికొస్తుంది. ఆలోచనను మాత్రం చంపేస్తుంది. ఈ లెక్క చూడండి: ఒకాయన దగ్గర కొన్ని మేకలున్నాయి. సంతలో 7 అమ్మాక 15 మిగిలాయి. మొదట ఎన్ని? చిట్కా నేర్చిన పిల్లవాడు "మిగిలాయి" అన్న మాట చూసి 15లో నుంచి 7 తీసి 8 అని రాస్తాడు. ఎనిమిది మేకలున్న మనిషి ఏడు అమ్మితే పదిహేను ఎట్లా మిగులుతాయి? మేకల వెంట తిరిగే పిల్లవాడు ఆ మాట కలలో కూడా అనడు. లెక్క చదివేటప్పుడు వాడి మనసులో మేకలు లేవు. ఒక మాట, రెండు అంకెలు ఉన్నాయి.

తెలుగులో లెక్కల పుస్తకం మొదట రాసినవాడని చెప్పే పావులూరి మల్లనను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తొమ్మిదో శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుని సంస్కృత గ్రంథం 'గణిత సార సంగ్రహం' ఆధారంగా మల్లన తెలుగు పద్యాల్లో గణితం రాశాడు. ఆయన్ని పదకొండో శతాబ్దం వాడిగా సాహిత్య చరిత్రలు చెబుతాయి. మల్లన శైవుడు. జైన గ్రంథాన్ని ఉన్నదున్నట్టు దించకుండా తన కాలానికి, తన వాళ్లకు తగినట్టు మలుచుకున్నాడు. ఉదాహరణ మారినా గణితం చెడలేదు. వెయ్యేళ్ల కిందట జరిగిన పని తండాల కోసం, గూడేల కోసం ఈనాడు ఎందుకు జరగకూడదు? జరగాలి. కాకపోతే పేర్లు మార్చి ఊరుకుంటే ఓడలో మేకల్ని ఎక్కించినట్టే ఉంటుంది. ఆ ఉదాహరణ పిల్లవాడు తన తెలివితో సరిచూసుకోగలిగేదిగా ఉండాలి.

నల్లమల అంచున ఒక గూడెంలో ఇంకో మాట విన్నాం. "12 సీసాల తేనెను నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?" అన్న లెక్క దగ్గర ఒక పిల్లవాడు ఆగిపోయాడు. భాగించడం రాక కాదు. "నలుగురూ చెట్టెక్కారా సార్?" అని అడిగాడు. క్లాసు నవ్వింది. ఆ ప్రశ్నలో నవ్వడానికేమీ లేదు. లెక్కలో చెప్పని షరతును వాడు పట్టుకున్నాడు. "మంచి ప్రశ్న. నలుగురూ ఎక్కారనుకుందాం, ఇప్పుడు చెప్పు. ఇద్దరే ఎక్కితే ఎట్లా పంచుతావో అదీ చెప్పు" అని ఉంటే ఆ రోజు నిష్పత్తుల పాఠం అక్కడే మొదలయ్యేది. నవ్వు వినబడ్డాక ఆ పిల్లవాడు ఇంకేమీ అడగలేదు.

తప్పుకూ ఒక దారి ఉంటుంది

పిల్లవాడు తప్పు చేశాడంటే ఆలోచించలేదని అనుకుంటాం. ఎక్కువసార్లు ఆలోచించే తప్పు చేస్తాడు. 500లో నుంచి 318 తీసెయ్యమంటే 218 అని రాసే పిల్లలు ప్రతి బళ్లోనూ ఉంటారు. ఎట్లా వచ్చింది? సున్నాలో నుంచి 8 పోదు కాబట్టి 8లో నుంచి సున్నా తీశాడు, 8 మిగిలింది. సున్నాలో నుంచి 1 పోదు కాబట్టి 1 రాశాడు. 5లో నుంచి 3 పోతే 2. ప్రతి చోటా పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. నియమం తప్పు, వాడి శ్రద్ధ తప్పు కాదు. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేతల్లో ఇట్లాంటి తప్పుల్ని వరస పెట్టి చూపించారు. వాళ్లు తేల్చిందీ అదే. చాలా తప్పులు గాలివాటంగా వచ్చినవి కావు, పట్టుగా పాటించిన తప్పు నియమం నుంచి వచ్చినవి.

అదే పిల్లవాణ్ణి కొట్టుకు పంపండి. 318 రూపాయల సరుకు, 500 నోటు. చిల్లర ఎంత రావాలి? "మూడు వందల పద్దెనిమిదికి రెండు వేస్తే మూడు వందల ఇరవై. ఎనభై వేస్తే నాలుగు వందలు. ఇంకో వంద. నూట ఎనభై రెండు." తీసివేతను కూడికగా మార్చుకున్నాడు. అప్పు తెచ్చుకునే పనే లేకుండా చేసుకున్నాడు. ఇది దొంగదారి కాదు. గణితంలో చక్కగా నిలబడే దారి. బళ్లో ఈ దారిలో చేస్తే "స్టెప్పులు లేవు" అని మార్కులు తీసేసిన సందర్భాలు మాకు తెలుసు.

భిన్నాల సంగతీ అంతే. అరకు పావు కలిపితే ముప్పావు అని మన ఇళ్లలో అయిదేళ్ల పిల్లవాడికీ తెలుసు. అదే 1/2 + 1/4 అని రాస్తే పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/6 అంటారు. అరకిలో పప్పుకు పావుకిలో కలిపితే కిలోలో మూడో వంతయింది. కలిపాక ఉన్నదానికన్నా తగ్గింది. ఈ మాట పైకి అనిపించి చూడండి, పిల్లవాడే నవ్వి దిద్దుకుంటాడు. ఎర్రగీత చెయ్యలేని పని అది.

మూడు భాషల మధ్య లెక్క

మన పిల్లలకు ఇంకో బరువు ఉంది. ఇంట్లో గోర్ బోలి, ఎరుకల ఇళ్లలో ఎరుకల భాష, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఏక్, ది, తీన్ అని లెక్కపెట్టిన నోటితో ఒకటి, రెండు, మూడు అని, ఆ తర్వాత వన్, టూ, త్రీ అని అనాలి. 2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. మంచిదే. పరీక్ష మాత్రం ఒక భాషలోనే జరుగుతుంది. పదమూడుకూ ముప్పైకీ తెలుగులో పోలిక లేదు. థర్టీన్, థర్టీ అన్నవి మాత్రం వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి ఒకేలా వినిపిస్తాయి. వాడు 13 బదులు 30 రాస్తే అది లెక్క తప్పు కాదు, చెవి తప్పు. టీచరు పేపరు మీద తేడా తెలియదు.

లెక్కపెట్టే పద్ధతి అన్ని జాతులకూ ఒకటి కాదన్నది కూడా మన టీచర్లకు తెలియాలి. శ్రీకాకుళం, మన్యం ప్రాంతాల సవరలకు పన్నెండు ఒక మెట్టు, ఇరవై ఇంకో మెట్టు. పదమూడు అంటే వాళ్ల మాటలో పన్నెండూ ఒకటి. ముప్పై తొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఆ భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారిని వాడుక తెలుగు కోసం పోరాడినవారిగానే తలచుకుంటాం. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆయన అంతకంటే ముందే పూనుకున్నారు. పదుల లెక్క మీద స్థాన విలువలు నేర్చుకునే సవర పిల్లవాడు ఒక లెక్క చెయ్యడానికి ముందు మనసులో ఇంకో లెక్క చేస్తాడు. వాడు ఆలస్యం చేస్తే మందబుద్ధి అంటామా? రెండింతల పని చేస్తున్నాడని అంటామా?

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. వాటిలో బంజారా భాష ఒకటి. ఆ ఆలోచన పల్నాటి తండాల్లోనూ పాతుకోవాలి. పెద్ద పుస్తకాలు రాకపోయినా పర్వాలేదు. ఒకటో తరగతి పిల్లవాడు తన మాటలో లెక్కపెడితే "తెలుగులో చెప్పరా" అని ఆపకుండా ఉంటే చాలు.

మనవాళ్ల లెక్క ఎక్కడ ఆగిపోతుంది

ఇప్పటిదాకా బడిని విమర్శించాం. మనల్ని మనం కూడా విమర్శించుకోవాలి. మన రచనల్లో, సభల్లో ఈ మధ్య ఒక మాట ఎక్కువ వినిపిస్తోంది. మన పెద్దలకు లెక్కలన్నీ వచ్చు, బడి గణితం మనకెందుకు అని. ఇది ఆత్మగౌరవం మాటలా ఉంటుంది. నష్టం మాత్రం మనకే.

వడ్డీ లెక్క తీసుకుందాం. పంట పెట్టుబడికి 20,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. మన ఇళ్లలో అందరికీ ఈ లెక్క తెలుసు. ఇరవై వేలంటే రెండు వందల నూర్లు, నెలకు 600, ఎనిమిది నెలలకు 4,800. బాగుంది. అదే సొమ్ము బ్యాంకులో 9 శాతానికి వస్తుందని ఒక కుర్రాడు ఇంటికొచ్చి చెబితే వాళ్ల నాయన ఏమంటాడు? "మూడు రూపాయలకు దొరుకుతుంటే తొమ్మిది ఎందుకురా?" అంటాడు. మూడు కన్నా తొమ్మిది పెద్దది, అది నిజమే. కానీ ఒకటి నెలకు, ఇంకొకటి ఏడాదికి. బ్యాంకు లెక్కన ఏడాదికి 1,800, ఎనిమిది నెలలకు 1,200. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, బ్యాంకు కన్నా నాలుగింతలు.

ఇంకో అడుగు ముందుకు వేద్దాం. ఏడాది చివర వడ్డీ కట్టలేక దాన్ని అసలులో కలిపి నోటు తిరగరాశారు. ఏడాదికి 7,200 చొప్పున రెండేళ్లకు 14,400, మొత్తం 34,400 అని మన నోటి లెక్క చెబుతుంది. నోటు మాత్రం 36,992 చెబుతుంది. రెండో ఏడాది 27,200 మీద వడ్డీ పడింది కాబట్టి. కూడికతో ఆలోచించే మనసుకు గుణకారంతో పెరిగే అప్పు అందదు. మూడో ఏడాదికి అది 50,000 దాటుతుంది. పల్నాటిలో కాలువ నీళ్లు అందని మెట్ట చేలల్లో, కౌలు పొలాల్లో ఈ తేడా ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ మనల్ని కాపాడేది బడి గణితమే. అసలు, కాలం, రేటు అని విడివిడిగా రాసుకుని, నెలలనూ ఏళ్లనూ ఒకే కొలతకు తెచ్చుకోవడం అది నేర్పుతుంది. సూత్రం ఎందుకు పుట్టిందో తెలిసిన పిల్లవాడు మూడునూ తొమ్మిదినీ పక్కపక్కన పెట్టి మోసపోడు. సూత్రాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు కాలం దగ్గర 8, రేటు దగ్గర 9 వేసి బ్యాంకు వడ్డీ 14,400 అని తేలుస్తాడు. ఎనిమిది నెలలను ఎనిమిదేళ్లు చేశాడు. అది చూసి వాళ్ల నాయన షావుకారు దగ్గరికే పోతాడు. చేలో లెక్క ఒక్కటే ఉన్నా చాలదు, బళ్లో లెక్క ఒక్కటే ఉన్నా చాలదు. రెండూ ఒకే బుర్రలో ఒకదాన్నొకటి నిలదీయాలి.

బళ్లో ఏం చేయొచ్చు

హంగరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో లెక్కను సాధించే తీరు మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆయన చెప్పిన మెట్లు నాలుగు. ముందు లెక్కను అర్థం చేసుకో. తర్వాత ఒక దారి ఆలోచించు. ఆ దారిన చెయ్యి. చివర్లో వెనక్కి తిరిగి చూడు. మన బడుల్లో మూడో మెట్టు ఒక్కటే ఉంది. మొదటి మెట్టును చిట్కా మాటలు మింగేశాయి. నాలుగో మెట్టు ఎర్ర ఇంకు చేతిలో ఉంది. వెనక్కి తిరిగి చూసేది టీచరే, పిల్లవాడు కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక పిల్లల ఆలోచన గణితపరంగా ఎదగడమే గణిత బోధన అసలు లక్ష్యమని చెప్పింది. ఆ మాట మన తరగతి గది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

టీచర్లకు మేము చెప్పేది పెద్ద పథకమేమీ కాదు. నలభై మంది ఉన్న క్లాసులో, సిలబస్ తరుముతుంటే ఎంత కష్టమో మాకు తెలుసు. మాలోనూ టీచర్లున్నారు. అందుకే చిన్న పనులే చెబుతున్నాం.

లెక్క మొదలుపెట్టకముందే "సుమారు ఎంత రావొచ్చు?" అని అడగండి. 32 పన్నెండ్లంటే 300 పైన ఉండాలని ముందే నోటితో అన్న పాప 96 దగ్గర ఆగుతుంది. జవాబు తప్పయినా, ఒప్పయినా "ఎట్లా చేశావు?" అని అడగండి. తప్పయినప్పుడే అడిగితే అది దండన అవుతుంది. రోజుకు ముగ్గుర్ని అడిగినా నెలలో క్లాసంతా పూర్తవుతుంది. పిల్లవాడు నోటితో చెప్పిన దారిని బోర్డు మీద వాడి మాటల్లోనే రాయండి, పక్కనే పుస్తకం దారిని రాయండి. మూడు నూట ఇరవైలూ ఇరవై నాలుగూ ఒక వైపు, 320, 64 ఇంకో వైపు. రెండూ 384 దగ్గర ఎట్లా కలిశాయో పిల్లల్నే చెప్పనివ్వండి. వారానికి ఒక్కసారైనా అర్థం లేని లెక్క ఒకటి ఇవ్వండి. "ఈ లెక్క తేలదు సార్" అన్న పిల్లవాడికి చప్పట్లు కొట్టండి.

చదువుకున్న మన యువతకు ఇంకో మాట. పండక్కి ఇంటికొచ్చినప్పుడు తండాలో పిల్లల్ని ఎక్కాలు అప్పజెప్పమని నిలబెట్టకండి. ఇంటి పద్దును వాళ్లతో రాయించండి. కాటా చీటీ, ఎరువుల బిల్లు, వడ్డీ నోటు ముందు పెట్టి లెక్క తేల్చమనండి. తేల్చాక బడి పద్ధతిలో కూడా రాయించండి. రెండూ కలవకపోతే ఎక్కడ విడిపోయాయో కలిసి వెతకండి. మీరు కూడా చిన్నప్పుడు ఆ రెండు లెక్కల మధ్యే నలిగారు. ఆ సంగతి దాచకుండా చెప్పండి.

ఆ రోజు మేము ఆ పాప చేతికి పెన్సిలు ఇచ్చి, నోటితో చెప్పిన లెక్కనే 96 పక్కన రాయమన్నాం. 120, 120, 120, 24 అని ఒకదాని కింద ఒకటి రాసింది. కూడి 384 వేసింది. తర్వాత పైన ఉన్న తన పాత లెక్కను చాలాసేపు చూసింది. పన్నెండులోని ఒకటి మీద వేలు పెట్టి "ఇది పది కదా సార్" అంది. మేము చెప్పలేదు. తనే అంది. 96ను కొట్టేసింది కూడా తనే.